గెడ్డ కింద రాసిన పేరు

పేంటర్ సన్యాసిరావుకి ఎదుటివాడి మంచి ఓర్చుకోలేని గుణం ఉందని బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో తెలుగువాళ్లందరికీ తెలుసు. ఎదురు క్వార్టర్లో జామచెట్టు విరగ్గాస్తే ఈయనకి మూడు రోజులు అన్నం సయించేది కాదు. తోటి పేంటర్‌కి కొత్త బ్రష్షులిచ్చారని స్టోర్ గుమస్తాతో నెల్లాళ్లు మాటలు మానేశాడు. “మాయనకి సుగరు నేదు, బీపీ నేదు, ఉన్నదల్లా కుళ్లే” అని భార్య అప్పయమ్మ కుళాయి దగ్గర పదిమందిలో అనేది. ఆవిడ అన్నదాంట్లో అబద్ధం లేదు. కానీ మనిషికి ఊరికే కుళ్లు పుట్టదు కదా, దాని వెనక సంగతి కూడా చెప్పకపోతే అన్యాయం.

నరసన్నపేట దగ్గర పల్లెలో పుట్టి, ఇరవై మూడో ఏట మేనమామ వెంట ఇక్కడికొచ్చి ఖలాసీగా చేరాడు. చేతిరాత ముత్యాల్లా ఉందని ఎవరో సాహెబు చూసి బ్రష్షు చేతికిచ్చాడు. అప్పట్నుంచీ ముప్పై నాలుగేళ్లుగా రాస్తూనే ఉన్నాడు. స్టేషన్ల పేర్లు, కిలోమీటరు రాళ్లు, క్వార్టర్ల నంబర్లు, పట్టాలు దాటరాదన్న హెచ్చరికలు. హిందీ, ఇంగ్లీషు అక్షరాలు చదివి రాసేవాడు కాదు, చూసి దింపేవాడు. తెలుగు మాత్రం చదివి రాసేవాడు, అది రాయమని రైల్వే ఎప్పుడూ అడగలేదు. బజార్లో పాన్‌డబ్బాకి బోర్డు రాసే కుర్రకుంక కూడా మూలన తన పేరు రాసుకుంటాడు. రైల్వే రాతలో ఆ మర్యాద లేదు. లక్షల అక్షరాలు రాసిన సన్యాసిరావు పేరు బిలాస్‌పూర్లో ఒక్క గోడ మీదా లేదు. నవంబర్లో రిటైరవబోతున్నాడు. ఈలోగా ఎక్కడో ఒకచోట తన పేరు పడాలని ఆయన కోరిక. పైకి ఎవరితోనూ అనలేదు, అంటే నవ్వుతారని భయం.

అలాంటి మనిషి దగ్గరికి తొంభై రెండు మే నెలలో హరిప్రియ వచ్చింది.

నది అవతల సర్కండాలో ఉండే బొగ్గు కంపెనీ ఆఫీసరు సీతారామయ్యగారి కూతురు. పైఊళ్లో బొమ్మలు వేసే చదువు చదివి, ఇప్పుడు నీళ్ల మీద పరిశోధన చేస్తోంది. ఈ ఊళ్లో రైలు లైన్లూ క్వార్టర్లూ రాకముందు చిన్న చిన్న గెడ్డలు పారి అర్పా నదిలో కలిసేవట. వాటిని పూడ్చి పైన ఊరు కట్టేశారు. అవి ఎక్కడెక్కడ ఉండేవో, వానాకాలంలో ఇప్పటికీ భూమి కింద ఎటు నడుస్తున్నాయో వెతికి పట్టుకుని, ముప్పై మూరల తెల్లగుడ్డ మీద ఊరంతా బొమ్మ గీసి, నీళ్లు ఏ ఇళ్ల కింద ఉన్నాయో చూపిస్తానంటుంది. బావుల్లో నీళ్లు సీసాలకి పట్టి చీటీలు అంటించుకుంటుంది. జూన్‌లో ఆ గుడ్డని రైల్వే ఇన్‌స్టిట్యూట్ హాల్లో కట్టి జనానికి చూపిస్తుంది. పాత ప్లానుల కోసం వర్క్స్ ఇన్‌స్పెక్టరు ఆఫీసుకి వెళితే, “ప్లానులు చెదలు తినేశాయి, ప్రతి పులియా ఎక్కడుందో తెలిసిన మనిషి ఉన్నాడు, వెళ్లి అడుగు” అని ఆయన సన్యాసిరావు దగ్గరికి పంపాడు.

ఇక్కడివాళ్లు కల్వర్టుని పులియా అంటారు. ప్రతి పులియాకీ నంబరుంటుంది, ఆ నంబరు ఏటా వానలకి ముందు సన్యాసిరావే దిద్దుతాడు. హరిప్రియని లైను వెంట తీసుకెళ్లి ఆరో నంబరు చూపించాడు. పావుమైలు నడిపించి తర్వాతి పులియా చూపించాడు. దాని మీద ఎనిమిది అని ఉంది.

“అంకుల్, ఏడు ఏదీ?” అంది ఆ పిల్ల.

సన్యాసిరావు ఆ ప్రశ్న కోసమే ముప్పై నాలుగేళ్లు కాచుకున్నట్టు మీసం సవరించుకున్నాడు. “గూడ్స్ యార్డు పెంచినప్పుడు కప్పెట్టీసేరమ్మా. పులియా సచ్చిపోనా దాని నంబరు మరోదానికివ్వరు. నంబరు నేదంటే అక్కడ గెడ్డ ఉన్నాదన్నమాటే.”

హరిప్రియ చప్పట్లు కొట్టింది. “అరే వాహ్! మీరు నంబర్లతో నది చూపిస్తున్నారు అంకుల్! నా బొమ్మలో గెడ్డ కింద, అది చూపించినవాళ్ల పేరు రాస్తాను. పెద్దక్షరాలతో.”

ఆ మాట ఆయన చెవిలో తేనె పోసినట్టు పడింది. ఆ వారం రోజులూ సన్యాసిరావు నేల మీద నడవలేదు. ఇస్త్రీ చొక్కా వేసుకుని డ్యూటీకి వెళ్లాడు. ఎదురింటివాళ్లు జామకాయలు పంపితే నోరారా బాగున్నాయన్నాడు, దాంతో అప్పయమ్మకి కంగారు పుట్టి ఒంట్లో బాగుందా అని నుదురు తడిమి చూసింది.

ఆ తర్వాత మధ్యలోకి పోలయ్య వచ్చాడు.

పోలయ్య కీమాన్. రోజూ తెల్లవారగానే భుజాన సుత్తి, జేబులో సుద్దముక్క పెట్టుకుని తన బీటు పొడుగునా పట్టాలు తట్టుకుంటూ నడవడం, వదులైన బోల్టు బిగించడం, పగులు కనిపిస్తే సుద్దతో గుర్తు పెట్టడం అతని పని. సన్యాసిరావు వచ్చిన బండిలోనే అదే జిల్లా నుంచి వచ్చాడు. లాల్‌ఖదాన్ వైపు లైను పక్క ఇంట్లో ఉంటాడు. అక్షరం ముక్క రాదు. జూన్ నెలాఖరుకి రిటైరవుతాడు. ఒకరోజు ఆరో పులియా దాటాక వీళ్లిద్దరూ ఎదురైతే, ఏటి పని అని అడిగి తెలుసుకుని, సుత్తి దించాడు.

“ఏడో నంబరు గెడ్డ యార్డు కిందన నేదు పేంటర్‌బాబూ. కప్పెట్టినాక అది పక్కకి తిరిగిపోనాది. రా సూపిస్తాను.”

నూరడుగులు తీసుకెళ్లి పట్టాని ఇక్కడొకసారి, అక్కడొకసారి తట్టాడు. రెండోచోట చప్పుడు డొల్లగా వచ్చింది. “ఏటా సావన్ నెలలో ఇక్కడే కంకర దిగిపోతాది. మావు ఎత్తి పోస్తాం. మళ్లీ దిగిపోతాది. కింద నీరు నడుస్తన్నాది.” హరిప్రియ ఆ ఎండలో పట్టా మీద చెవి ఆనించి, తనే సుత్తి తీసుకుని తట్టి, విని, “తాతా! నాకు వినపడింది” అని అరిచింది.

తాత. ఆ మాట దగ్గరే సన్యాసిరావుకి ఒళ్లు మండింది. తను అంకులు, వాడు తాత! ఇద్దరూ ఒక్క ఈడువాళ్లే. వారం రోజులు నంబర్లన్నీ తిప్పి చూపించిన తనని ఎవరో ఆఫీసువాణ్ణి పిలిచినట్టు అంకులంది. సుత్తితో రెండు దెబ్బలు కొట్టినవాడు అప్పుడే ఇంటి మనిషైపోయాడు.

మర్నాటి నుంచి ఆ పిల్ల తెల్లవారకుండా వచ్చి పోలయ్య వెంట నడవడం మొదలుపెట్టింది. అతని పాదాల బొమ్మ గీసుకుంది. సుత్తి పట్టుకున్న చెయ్యి గీసుకుంది. సన్యాసిరావు రంగుడబ్బాతో అదే లైను మీద వెనకాల వస్తూ అంతా చూశాడు. ఒకరోజు పోలయ్య తన టిఫిన్‌లోంచి చద్దన్నం, ఉల్లిపాయ పెడితే ఆ పిల్ల అరచేతిలో పెట్టించుకుని తింది. అప్పయమ్మ చేసి పంపిన బెల్లం బూరెలు మాత్రం “తర్వాత తింటాను అంకుల్” అని సంచిలో పెట్టుకుంది. బూరెలు, చద్దన్నం చిన్న సంగతులేనని మీరనుకోవచ్చు. కళ్లల్లో నిప్పులు పోసుకునేవాడికి చిన్న సంగతంటూ ఉండదు.

అప్పటికీ ఆయనకి ఒక ధీమా ఉంది. ఎనిమిదో పులియా గోడ మీద ఎర్రగీత. పాతికేళ్ల కిందట వచ్చిన పెద్ద వరదకి నీళ్లు ఎంత ఎత్తు లేచాయో ఆ గీత చెబుతుంది. నీళ్లు ఏ ఇళ్లదాకా వస్తాయో లెక్క కట్టాలంటే హరిప్రియకి ఆ గీతే ఆధారం. ఆ గీత ఏటా దిద్దేది తను. ఈ విషయంలో పోలయ్య గిలయ్య ఎవడూ నోరెత్తడానికి లేదు. అందుకని ఒక ఉదయం పనిగట్టుకుని హరిప్రియనీ, పోలయ్యనీ, పక్కనే పట్టాల పని చేస్తున్న గ్యాంగు మనుషుల్నీ పిలిచి, పులియాలోకి దింపి, గీత చూపించాడు.

పోలయ్య వెళ్లి గీత కింద గోడకి ఆనుకుని నిలబడ్డాడు. గీత అతని బొడ్డుకి తగిలింది.

“ఇది కాదు పేంటర్‌బాబూ” అన్నాడు మెల్లిగా. “ఆ యేడు గోడ కదుల్తాదేమోనని నన్ను ఇక్కడే నిలబెట్టేరు. పొద్దల్లా నిలబడ్డాను. నీరు నాకు గెడ్డం కింద తగిలినాది. తలెత్తుకుని ఊపిరి తీసినాను.”

“ఏటి నీ గెడ్డం?” అన్నాడు సన్యాసిరావు. “నా గీత రైల్వే గీత. నీ గెడ్డం ఎవుడు రాసి పెట్టుకున్నాడు?”

గ్యాంగు మనుషులు నవ్వారు. హరిప్రియ నవ్వలేదు. సంచిలోంచి చాకు తీసి పోలయ్య గడ్డం ఎత్తున గోడ సున్నం గీకడం మొదలుపెట్టింది. పాతికేళ్ల సున్నం పొరలు పొరలుగా ఊడి పడింది. కింద రాతిలో ఉలితో చెక్కిన అడ్డగీత, పక్కన ఏడాది అంకె బయటపడ్డాయి. ఎర్రగీతకీ దానికీ మధ్య మూరెడు తేడా ఉంది.

తల కొట్టేసినట్టయింది సన్యాసిరావుకి. అప్పుడు అర్థమైంది తనేం చేశాడో. పాత గీత మీద కొత్త రంగు వేస్తే కారిన బొట్టు కిందకి దిగి అసహ్యంగా కనిపిస్తుంది. అది కప్పడానికి ఆయన ప్రతి ఏడూ పాత గీత కింది అంచున కొత్త గీత కొట్టేవాడు. పని శుభ్రంగా ఉండాలని కదా! ఏడాదికి వేలెడు మందం కిందికి దిగుతూ దిగుతూ వరదనే మూరెడు దించేశాడు. ఇన్నేళ్లూ ఏ సాహెబూ పట్టుకోలేదు, గీత అందంగా ఉందని మెచ్చుకున్నవాళ్లు కూడా ఉన్నారు. అక్షరం రాని పోలయ్య గడ్డం పట్టుకుంది.

“కోయీ బాత్ నహీ అంకుల్, పర్లేదు” అంది హరిప్రియ. ఆయన్ని ఓదార్చాలనే అంది. చెంప మీద కొట్టినా ఆయనకి అంత నొప్పి పుట్టేది కాదు.

ఇంటికొచ్చి మంచానికి అడ్డం పడ్డాడు. అప్పయమ్మ సంగతంతా విని, “తప్పు నీదే గదా, వోడి మీద ఏడుపేటి?” అంది.

“నీకు తెలీదు, ఊరుకో.”

“తెలకేటి? ముప్పయ్యేళ్లకి వోడొకసారి నోరిప్పేడు. ఆ ఒక్కసారీ ఓర్సలేకపోతన్నావు.”

ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆవిడ చెప్పిందల్లా సరైనదే, అందుకే మరీ మంట.

జూన్ రెండో వారంలో హరిప్రియ కబురు పెట్టింది. సర్కండాలో వాళ్ల డాబా మీద గుడ్డ పరిచి ఉంది. సన్యాసిరావు దాని చుట్టూ తిరిగి చూశాడు. కాలనీ, లైన్లు, లాల్‌ఖదాన్ ఇళ్లు అన్నీ బూడిద రంగులో సన్నగా ఉన్నాయి. వాటి కిందనుంచి నీలంగా గెడ్డలు మెలికలు తిరుగుతూ అర్పా వైపు పోతున్నాయి. తన జీవితమంతా రంగు పూసినా ఇలాంటి నీలం ఎప్పుడూ కలపలేదు. ఆ పిల్ల మీద కూడా కాస్త కుళ్లు పుట్టింది.

గుడ్డ అంచున ఒక మూల హిందీలో చిన్న అక్షరాల వరస ఉంది. “సాయం చేసినవాళ్లు” అని చదివి వినిపించింది హరిప్రియ. వర్క్స్ ఇన్‌స్పెక్టరు, ప్లాను గుమస్తా, బావి నీళ్లు తోడుకోనిచ్చిన తొమ్మిదిమంది, టీకొట్టు ఆయన, వాళ్ల మధ్య సన్యాసిరావు. పెద్ద గెడ్డ కింద మాత్రం జానెడు ఎత్తున ఖాళీ వదిలి ఉంది.

“ఇక్కడ తాత పేరు. ఆయనకి తెలుగులోనే ఉండాలట. నాకు తెలుగు రాయడం రాదు, చదవడం కూడా రాదు. మీ అంత బాగా ఎవరు రాస్తారు అంకుల్?” అని బ్రష్షు చేతికిచ్చి, టీ తెస్తానని కిందకి వెళ్లింది.

సన్యాసిరావు మోకాళ్ల మీద కూర్చున్నాడు. నంబర్లు చూపించిందెవరు? ఏడు లేదంటే గెడ్డ ఉందని చెప్పిందెవరు? పెద్దక్షరాలతో రాస్తానని మొదట మాటిచ్చింది ఎవరికి? ఈ మూడు ప్రశ్నలూ వేసుకున్నాడు. నాలుగోది వేసుకోలేదు. పోలయ్యకి చదవడం రాదు, ఈ పిల్లకీ రాదు. బ్రష్షు నీలంలో ముంచి, గుండ్రంగా, ఒక్క బొట్టు కారకుండా, జానెడు ఎత్తున రాశాడు: సన్యాసిరావు.

హరిప్రియ టీతో వచ్చి చూసి, “ఎంత అందంగా రాశారు!” అంది. ఆయన కప్పు అందుకున్నాడు. ఇన్‌స్టిట్యూట్ హాలుకి తెలుగు చదవగలిగినవాళ్లు యాభైమంది వస్తారన్న సంగతి నది వంతెన దాటి ఇంటికొచ్చేదాకా ఆయన బుర్రకి తట్టలేదు. తట్టాక, అడిగితే ఏదో ఒకటి చెప్పొచ్చులే అనుకున్నాడు. కుళ్లు నిండిన బుర్రలో ఇంకోదానికి చోటెక్కడుంటుంది?

అయిదు రోజులు గడిచాయి. శుక్రవారం పొద్దున్న ఆరో పులియా నంబరు దిద్దడానికి లైను మీద పోతున్నాడు. పట్టా నడుం మీద సుద్దతో ఏదో రాసి ఉంది. కీమాన్ పెట్టిన పగులు గుర్తనుకుని వంగి చూశాడు.

వంకరటింకరగా, చిన్నపిల్లలు పలక మీద దిద్దినట్టు, తన పేరు.

ముందు గుండె పొంగింది, నిజం చెప్పాలి. నా పేరు ఎవడు రాశాడబ్బా అనుకున్నాడు. పది స్లీపర్లు దాటాక మళ్లీ ఉంది. ఇంకో పది దాటితే మళ్లీ. ఒకచోట ‘న్యా’ సగంలో ఆగిపోయింది. ఒకచోట ‘రావు’ తిరగబడింది. ముందుకి పోయేకొద్దీ అక్షరాలు కుదురుకుంటున్నాయి. అరమైలు పొడుగునా ఉంది తన పేరు. అరమైలు చివర పట్టా పక్కన మునికాళ్ల మీద కూర్చుని, ఒక చేత్తో పల్చటి కాయితం పట్టుకుని, రెండో చేత్తో సుద్దముక్క పట్టుకుని, నాలుక బయటపెట్టి దిద్దుతున్నాడు పోలయ్య.

సన్యాసిరావు కాళ్లు ఆగిపోయాయి.

“రా బాబూ రా” అన్నాడు పోలయ్య సంబరంగా. “ఆ బొమ్మలేసే గుంట దగ్గరికెల్లి, నువ్వు రాసిన నా పేరు ఈ కాయితం మీద దింపించుకున్నాను. రేపు శనివారం రిటైరుమెంటు కాయితాలకి పిలిసేరు. ముప్పై నాలుగేళ్లు ఏలుముద్రే ఏసేను బాబూ. గుమస్తా నా ఏలు పట్టుకుని సిరాలో ముంచుతాడు, సీ అనిపిస్తాది. రేపు మాత్రం ఎయ్యను. సంతకం ఎడతాను. సూడు, బాగున్నాదా?”

బాగుంది. ‘స’ తలకట్టు కాస్త వంగింది కానీ బాగుంది. తెలుగు వచ్చిన ఏ గుమస్తా అయినా సన్యాసిరావు అని తడుముకోకుండా చదువుతాడు. చదివి, ఆఫీసంతా వినపడేలా నవ్వుతాడు.

బాగుందని చెప్పి వెళ్లిపోవచ్చు. రేపు పోలయ్య పరువు పోతే, నువ్వే తప్పుగా దిద్దావని అతన్నే అనొచ్చు. సన్యాసిరావు మనసు అంతదూరమూ వెళ్లొచ్చింది. కానీ పోలయ్య సుద్ద అంటిన వేళ్లు దులుపుకుంటూ తనవైపే చూస్తున్నాడు, మాస్టారు ఏమంటాడోనని చూసే పిల్లాడి కళ్లతో.

“అది నీ పేరు కాదు పోలయ్యా.”

“మరేటి?”

“నా పేరు.” కాయితం వైపు వేలు చూపించాడు. “గుడ్డ మీద నీ పేరు రాయమంటే నా పేరు రాసుకున్నాను. కళ్లు కుట్టి రాసేను. నీకు సదవడం రాదు గదాని రాసేను.”

పోలయ్య కాయితం వైపు చూశాడు. పట్టా వైపు చూశాడు. వచ్చిన దారి వైపు, అరమైలు పొడుగునా చూశాడు. తిడతాడనుకున్నాడు సన్యాసిరావు. సుత్తి ఎత్తుతాడేమోనని కూడా అనుకున్నాడు, ఎత్తితే బాగుండుననుకున్నాడు.

“అయితే అయిదు రోజులూ నీ పేరే దిద్దినానన్నమాట” అన్నాడు పోలయ్య.

కాయితం నాలుగు మడతలు పెట్టి, జేబులో పెట్టుకోబోయి, ఆగి, సన్యాసిరావు చేతికిచ్చేశాడు. సుద్దముక్క కూడా ఇచ్చాడు. “నాది రాయి” అన్నాడు.

సన్యాసిరావు పట్టా పక్కన కూర్చున్నాడు. పట్టా మీద మూడక్షరాలు రాశాడు. అవి ఆయన రాసినవాటన్నిట్లోకీ అధ్వానంగా వచ్చాయి. పోలయ్య వంగి, వేలితో ఒక్కొక్కటీ తడిమాడు.

“ఇంతేనేటి? ఇంత సులువేటి నాది?” అని, సుద్ద తీసుకుని, కిందనే రాయడం మొదలుపెట్టాడు. అయిదు రోజులు కష్టమైన పేరు దిద్దిన చెయ్యి కదా, రెండోసారికే వచ్చేసింది. మూడోసారి రాసి, వెనక్కి జరిగి చూసుకుని, గట్టిగా చదువుకుని, ఒక్కడే నవ్వుకున్నాడు. పక్కన మనిషున్నాడన్న సంగతే మర్చిపోయాడు.

సన్యాసిరావు ఆ నవ్వు చూస్తూ నిలబడ్డాడు. లక్షల అక్షరాలు రాశాడు. మొన్న డాబా మీద తన పేరు తనే జానెడు ఎత్తున రాసుకున్నాడు. అప్పుడు కూడా ఇలా నవ్వుకోలేదు. సిగ్గు నిలువునా ముంచేస్తున్నా, ఆ నవ్వు చూసి ఆయనకి మళ్లీ కుళ్లు పుట్టింది.